ఎడారిలో ముల్కీ

సౌదీ అరేబియాలోనున్న తెలుగువారు “ఇంకను ఇచ్చట నుండవచ్చునా, ఊరు చేరుకొందుమా” యని తమలో తాము తర్కించుకొనుట మొదలై పది సంవత్సరములు దాటినది. ఆ తర్కము రియాదు, దమ్మాము, జెద్దా పట్టణములలోని ఇఱుకుగదులతో ఆగలేదు. టెలిఫోనుల వెంట జనగామ బస్సుస్టాండులోనికిని, మానుకోట మిర్చిబేరముల నడుమకును, భూపాలపల్లి బొగ్గుబావుల కాలనీలలోనికిని వచ్చి కూర్చున్నది. తండ్రి రమ్మనును. భార్య ఇంకొక యేడాది ఓర్చుకొమ్మనును. అప్పిచ్చినవాడు మాత్రము నోరు మెదపక మిత్తి లెక్క చూచుకొనును. గల్ఫుజిల్లాలని పేరుపడినవి జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్. మన మూడు జిల్లాలు ఆ వరుసలో వెనుకనున్నవి. ఎక్కువమంది వెళ్లిన ఊళ్లకు సంఘములున్నవి, నాయకులున్నారు, ఎన్నికల కాలమున వాగ్దానములును ఉన్నవి. ఊరికి నలుగురు, తండాకు ఇద్దరు చొప్పున వెళ్లిన మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వారిని గూర్చి అడుగువాడు లేడు. కావుననే ఈ విషయమును మేము ఎత్తుకొంటిమి.

అసలు జరిగినదేమో ముందు చెప్పవలెను. 2011లో సౌదీ ప్రభుత్వము నితాకత్ అను పద్ధతిని తెచ్చినది. నితాకత్ అనగా పరిధులు. ప్రతి వ్యాపారసంస్థలో స్వదేశీయులెందఱు, పరదేశీయులెందఱు అని లెక్కించి, ఆ లెక్కనుబట్టి పచ్చ, పసుపు, ఎఱుపు అని రంగులు వేసిరి. ఎఱుపు పడిన సంస్థ తన పరదేశపు పనివారి ఇకామాలను, అనగా నివాసానుమతిపత్రములను, మఱల వ్రాయించుకొనజాలదు. 2013లో పత్రములు సరిలేనివారికి గడువిచ్చి, ఆ గడువును నవంబరువఱకు పొడిగించి, ఆపైన పట్టుకొనసాగిరి. ఆ యేడాది లక్షకు మించిన భారతీయులు తిరిగివచ్చిరి. ఆ వచ్చినవారిలో మన పల్లెలవారు “ఖల్లివెల్లి” యని పిలుచువారు, అనగా యజమానిని విడిచి పత్రములు లేక తిరుగుచుండినవారు, పెక్కండ్రు.

అటుపిమ్మట 2014 నడుమ నూఱు డాలర్లకు మించియున్న పీపా నూనె ధర 2016 జనవరికి ముప్పదికిని దిగువకు పడిపోయినది. పెద్ద నిర్మాణసంస్థలు నెలలకొలది జీతము లియ్యలేదు. 2016 జూలై, ఆగస్టు నెలలలో వేలకొలది భారతీయులు అన్నము లేక శిబిరములలో చిక్కుకొనగా మన రాయబారకార్యాలయము వారికి భోజనము పెట్టవలసివచ్చినది. ఆ సంవత్సరమే ఏప్రిలులో ఆ దేశపు పాలకులు విజన్ 2030 అను పేర తమ క్రొత్త ఆర్థికమార్గమును ప్రకటించియుండిరి. నూనెమీద మాత్రమే బ్రదుకుట మానవలెను, తమ యువకులకును స్త్రీలకును పని దొరకవలెను, ఖజానాకు పన్నులు రావలెను అని దాని సారాంశము. 2017 జూలైనుండి పరదేశీయుడు తనతో నుంచుకొన్న భార్యాబిడ్డలలో తలకు నెలకు 100 రియాళ్లు సుంకము కట్టవలసివచ్చినది. అది యేటేట నూఱు చొప్పున పెఱిగి 2020 నాటికి 400 అయ్యెను. యజమాని తన పరదేశపు పనివానికై చెల్లించు సుంకము 2018లో నెలకు 300, 400 రియాళ్లుండి, 2020కి 700, 800లకు చేరెను. 2016లో సెల్‌ఫోను దుకాణములు, 2018లో బట్టలు, కార్లు, గృహోపకరణములు మొదలగు 12 తరగతుల దుకాణములు స్వదేశీయుల పాలు చేయబడెను. సరకులపై 2018 జనవరిలో నూటికి 5 చొప్పున వేసిన పన్ను 2020 జూలైలో ఒక్కసారిగా 15 అయ్యెను.

భార్యయు ఇద్దఱు పిల్లలును గల ఒక తెలుగు గుమాస్తాను తలంతుము. మూడు తలలకు నెలకు 1,200 రియాళ్లు, ఏడాదికి 14,400. రియాలు ఇరువది రూపాయలనుకొన్నను రెండు లక్షల ఎనుబది యెనిమిది వేలు. అదియు నెలనెలా కాదు, ఇకామా మార్చుకొను దినమున ముందుగా ఒక్కమొత్తముగా కట్టవలెను. నెలకు నాలుగైదు వేల రియాళ్ల జీతగానికి ఇది నాలుగవ పాలు. కావున 2017, 2018 సంవత్సరములలో ఏమి జరిగినది? మగవాడు అక్కడనే నిలిచెను, కుటుంబము విమానమెక్కెను. రియాదులో ఒక వంటయింటితో నడచిన సంసారము రెండు ముక్కలై, ఇక్కడ హనుమకొండలోనో జనగామలోనో అద్దెయింటియందొకటి, అక్కడ నలుగురు కలిసియుండు గదియందొకటి ఆయెను.

ఇప్పుడు తర్కమునకు వత్తము. గల్ఫులో నివసించువారు ఈ విషయమై రెండు పక్షములుగా చీలియున్నారు. ఒక పక్షమువారు, ఈ దేశము మనలను నిలువున పిండుచున్నది, మన చేతులతో మేడలు కట్టించుకొని ఇప్పుడు పొమ్మనుచున్నది, ఇంకను ఉండుట మానహీనత యందురు. రెండవ పక్షమువారు, ఎంత పిండినను మిగులు ఊరిలోని కూలికంటె ఎక్కువేకదా, కొంతకాలమైన పిమ్మట వారికే మన అవసరము తెలియును, ఓర్చుకొనవలెను అందురు. మొదటి పక్షమువారి మాట వినునప్పుడు రక్తముడుకును. రెండవ పక్షమువారి లెక్కయే తుదకు నిజమైనది. 2017 మొదలు మూడేండ్లలో పదిలక్షలకు మించి పరదేశపు పనివారు ఆ దేశము విడిచిరి. అయినను 2022 జనాభాలెక్కలలో పరదేశీయులు ఒక కోటి 34 లక్షలని తేలినది. అనగా మొత్తము ప్రజలలో నూటికి 41కి పైగా. ఇప్పుడచ్చట భారతీయులు సుమారు 26 లక్షలు. ఒకడు వెళ్లినచోట మఱియొకడు, తఱచుగా మునుపటికంటె తక్కువ జీతమునకు, వచ్చి నిలిచెను.

మొదటి పక్షమువారి కోపమును మేము తెలంగాణమువారముగా విచారింపవలసియున్నది. స్వదేశీయునికి ముందు ఉద్యోగము, పరదేశీయునికి తరువాత అను సూత్రము అన్యాయమైనచో, దానిని లోకమునకు మొట్టమొదట చెప్పుటకు సిగ్గుపడవలసినవారము మనమే. ముల్కీ అను మాట మన యింటి మాట. పదునైదేండ్లు ఈ రాజ్యమున నివసించినగాని సర్కారు కొలువునకు అర్హత లేదని నిజాము ప్రభుత్వము 1919లో ఫర్మానా వెలువరించినది. 1952లో వరంగల్లు విద్యాశాఖలో స్థానికేతరులను ఉపాధ్యాయులుగా నియమించినారని రేగిన అలజడి హనుమకొండ విద్యార్థులనుండి హైదరాబాదువఱకు ప్రాకి, సెప్టెంబరులో సిటీ కాలేజీ వద్ద పోలీసుకాల్పులకు దారితీసినది. నాటి విద్యార్థులలో ఒకరు అక్కంపేట గ్రామమున జన్మించిన జయశంకర్. పిదప ఆచార్యుడై, తెలంగాణ వాదమునకు పెద్దదిక్కై, 2011లో పరమపదించిన ఆయన పేరే నేడు భూపాలపల్లి జిల్లాకు పెట్టబడియున్నది. 1969 ఉద్యమము పాల్వంచ విద్యుత్కేంద్రమున స్థానికులకు ఉద్యోగములు దక్కలేదను మొఱనుండియే రాజుకొన్నది. నీళ్లు, నిధులు, నియామకములు అను మూడు మాటలమీద 2014లో రాష్ట్రమే ఏర్పడినది. ఆ మూడవ మాటకు అరబ్బీ అనువాదమే నితాకత్!

ఇంతటితో తీరలేదు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ననుసరించి మన రాష్ట్రపు కొలువులలో నూటికి 95 స్థానికులకే. అందును జోన్ల విభజనలో జనగామ యాదాద్రి జోనులోను, మహబూబాబాదు భద్రాద్రి జోనులోను, భూపాలపల్లి కాళేశ్వరము జోనులోను పడినవి. నిన్నమొన్నటివఱకు ఒకే వరంగల్లు జిల్లాలో నుండిన మూడు ఊళ్లు మూడు జోన్లకు చెందినవి గనుక, జోను కొలువుల విషయమున మానుకోటవాడు జనగామలో పరాయివాడే. రెండు రైల్వేస్టేషన్లను ఒకే పట్టాలు కలుపుచుండగా మనమే ఇట్టి గీతలు గీచుకొని, సముద్రమున కావల అరబ్బువాడు గీచిన గీతను చూచి గుండెలు బాదుకొనుట ఏపాటి న్యాయము? సౌదీ పౌరులలో పనిలేనివారు 2018లో నూటికి పన్నెండుకు పైబడియుండిరి, 2024 చివరకు ఏడుకు దిగిరి. దుకాణములలోను కచేరీలలోను స్త్రీలు ఉద్యోగములు చేయుచున్నారు. వారి మార్గము వారికి కొంత ఫలించినదని ఒప్పుకొనుటకు మనకు సంకోచమక్కఱలేదు. ఆ దేశమున మనకు ఓటు లేదు, పౌరసత్వము రాదు, ముప్పదియేండ్లు పనిచేసినను అతిథులమే. అతిథి గృహస్థుని ఖర్చులపట్టీని తీర్పు తీర్చునా?

అట్లని మేము నితాకత్తును, ముల్కీని సరిసమానము చేయుటలేదు. భేదమున్నది, ఆ భేదమే మన వాదమునకు మూలము. 1952లో “గైర్‌ముల్కీ గో బ్యాక్” అని కేకలు వినిన ఉపాధ్యాయుడు ఈ దేశపు పౌరుడే. కోర్టుకు పోవచ్చును, మఱియొక కొలువు వెదుకుకొనవచ్చును, తుదకు రైలెక్కి పోవచ్చును. మన మనుష్యుడు రియాదులో అట్లు చేయజాలడు. అతడు కఫీలు చేతిలోని మనుష్యుడు. పాస్‌పోర్టు కఫీలు పెట్టెలో, జీతము కఫీలు దయలో, ఇంటికి పోవు అనుమతియు చిరకాలము కఫీలు సంతకములో నుండెను. 2021 మార్చినుండి కొన్ని తరగతుల పనివారు యజమాని అనుమతి లేకయే పనిమార్చుకొనవచ్చునని, దేశము విడిచి వెళ్లవచ్చునని క్రొత్త నియమము వచ్చినమాట నిజమే. కాని ఇంటిపనివారును, డ్రైవర్లును, ఒంటెలు గొఱ్ఱెలు కాచువారును దానికి వెలుపలనే మిగిలిరి. మన పల్లెలనుండి వెళ్లి ఆ పనులలో చేరినవారికి ఆ నియమము లేనట్టే. కావున మా అభియోగము సౌదీ ఆర్థికమార్గముపైన కాదు. ఒక దేశము తన పనులు తన బిడ్డల కిచ్చుకొనవచ్చును. కాని పిలిచి తెచ్చుకొన్న పనివాని కూలి ఎగవేసి పంపుటకు ఏ మార్గము పేరును చెప్పుకొనరాదు. 2020లో వ్యాధిభయమున విమానములలో తిరిగివచ్చినవారిలో నెలల జీతములను, ఏండ్ల సేవకు రావలసిన బహుమానధనమును వదలుకొని వచ్చినవారెందఱో గలరు. ఆ బాకీని మన పక్షమున అడిగినవారెవ్వరు?

అడుగకపోగా మనవారే ధర తగ్గించిరి. ఈ మాట చాలమంది పాఠకులకు తెలిసియుండదు. విదేశమునకు వెళ్లు పనివానికి ఇంతకు తక్కువ జీతమీయరాదని భారతప్రభుత్వము ఒక కనీసవేతనమును నిర్ణయించును. 2020 సెప్టెంబరులో, అనగా పనివారు మిక్కిలి దురవస్థలో నున్న సమయమున, గల్ఫుదేశములకు ఆ వేతనమును నూటికి 30 మొదలు 50 వఱకు తగ్గించుచు ఉత్తర్వులు వెలువడినవి. తగ్గింపనిచో ఇతరదేశపు పనివారు మన ఉద్యోగములు తన్నుకొనిపోదురని సమాధానము చెప్పిరి. పనివారి పక్షమువారు తెలంగాణ హైకోర్టు కెక్కిన పిమ్మట, 2021 జూలైలో ఆ ఉత్తర్వులు ఉపసంహరింపబడినవి. సంతలో గొఱ్ఱెను అమ్మువాడైనను బేరగాడు అడుగకముందే ధర దించడు.

ఇక, “ఉండుటా, మరలుటా” యను తర్కము చేయగలవాడెవ్వడు? కుటుంబమును తీసికొనిపోగల గుమాస్తా చేయగలడు, మెకానిక్కు చేయగలడు, ఆసుపత్రి నర్సు చేయగలదు. వారి చేతిలో చదువున్నది, బ్యాంకులో కొంత సొమ్మున్నది. అమెరికాలోని మన ఇంజనీర్లు చేయగలరు. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్1బీ దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించిన దినమున మన పత్రికలన్నియు మొదటిపుటను దానికే కేటాయించినవి. తప్పని అనము. ఆ బిడ్డలును మన బిడ్డలే. కాని రియాదు పనివానిపై సుంకము పడిన దినమున అంతటి అక్షరములు ఎందుకు దొరకలేదో మాకు తెలియదు. లక్ష డాలర్లు పెద్ద అంకె గనుకనా? అప్పు తెచ్చి వెళ్లినవానికి 700 రియాళ్లును పెద్ద అంకెయే.

ఆ అప్పే ఇందలి కీలకము. రిజిస్టరైన ఏజెంటు పనివానినుండి 30,000 రూపాయలును, దానిమీది పన్నును మించి పుచ్చుకొనరాదని నిబంధన గలదు. ఊరిలో ఏ ఒక్కనినైనను పిలిచి అడుగుడు. లక్ష యనువాడు, లక్షన్నర యనువాడు దొరకును గాని ముప్పదివేలన్నవాడు దొరకుట అరుదు. ఆ సొమ్ము నూటికి నెలకు రెండు, మూడు రూపాయల మిత్తికి తెచ్చినది. పదవతరగతి దాటనివాడు ఎమిగ్రేషను అనుమతి పొందవలెను. ఆ త్రోవ దూరమని చెప్పి ఏజెంటు వానిని విజిట్ వీసామీద సాగనంపును. అట్లు వెళ్లినవాడు దిగిన దినముననే చట్టమునకు వెలుపలివాడు. మొదటి రెండేండ్ల సంపాదన అప్పునకు పోవును. మూడవయేట మిగులు కనబడు సమయమునకు అక్కడ రంగు మాఱును, సుంకము పెరుగును, సంస్థ మూతపడును. అట్టివాడు ఉందునా పోదునా యని తర్కింపడు. వాని పక్షమున మిత్తియే తర్కించి తీర్పుచెప్పును. కావున ప్రవాసుల స్వేచ్ఛాచర్చగా మనము వినుచున్నది వారిలో పైవరుసవారి చర్చ మాత్రమే. క్రిందివరుస మౌనముగా నున్నది. ఆ మౌనమును అంగీకారమని ఎవ్వరును పొరబడకుందురుగాక.

మనవారు ఒక దేశపు ఆర్థికమార్గము మాఱినందున మూటలు కట్టుకొనుట ఇది మొదటిసారి కాదు. బర్మాలో 1962లో సైనికపాలన వచ్చి, 1963, 64 సంవత్సరములలో బ్యాంకులను, వ్యాపారములను, తుదకు చిల్లరదుకాణములను గూడ జాతీయము చేయగా భారతీయులు లక్షలసంఖ్యలో ఓడలెక్కిరి. రంగూను రేవులో తరతరములుగా మూటలు మోసిన తెలుగువారు వారిలో నుండిరి. పెద్ద నోట్లు చెల్లవని 1964లో అచ్చటి ప్రభుత్వము ప్రకటించుటచే కూడబెట్టినదియు చేజాఱినది. విశాఖపట్టణమున బర్మా క్యాంపు అని ఒక పేట యున్నది. ఆ పేరే దాని కథ. అయితే నాటి ప్రభుత్వము ఆ వచ్చినవారిని కాందిశీకులని గుర్తించినది, చోటు చూపినది, వృత్తికి అప్పులిచ్చినది. చాలినంత చేసినదని మేమనము. కాని వారు వచ్చుచున్నారని రేవునకు ఎదురు వెళ్లినది. నేడు శంషాబాదు విమానాశ్రయమున దిగి, ఒక దుప్పటి, ఒక సూటుకేసుతో జనగామ బస్సెక్కువానికి ఎదురు వచ్చువాడు అప్పులవాడొక్కడే.

వచ్చి ఏమి చేయును? ఈ ప్రశ్నకు సమాధానము లేనిదే “వచ్చేయుడు” అని ప్రవాసులకు పిలుపునిచ్చుట దేశభక్తి కాదు, మాటలపోత మాత్రమే. మన మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న జిల్లాలైనవి. కలెక్టరు కచేరీలు వచ్చినవి, వాని చుట్టును ఇండ్లస్థలముల ధరలు పెరిగినవి. పనియో? భూపాలపల్లి గర్భమున బొగ్గున్నది, చెల్పూరు వద్ద దానిని కాల్చి విద్యుత్తు తీయు కేంద్రమున్నది. ఆ విద్యుత్తు తీగలమీద దూరపు నగరములకు పోవును, గనికై భూమి పోయినవాని కొడుకు దుబాయికి పోవును. సింగరేణిలో తండ్రి కొలువు కొడుకునకు రావలెనను కోరిక కొఱకు ఆ కార్మికులు ఎన్నేండ్లు పోరాడిరో అందఱకును తెలియును. గనికి వెలుపలనున్న పల్లెవానికి ఆ కోరికయు లేదు, తండ్రి విడిచిపోవు కొలువును లేదు. మహబూబాబాదు జిల్లా బయ్యారమున ఇనుపరాయి గలదు. అచ్చట ఉక్కు కర్మాగారము సాధ్యమా యని ఆఱు నెలలలో పరిశీలింపవలెనని 2014 రాష్ట్రవిభజన చట్టపు పదమూడవ షెడ్యూలులో వ్రాయబడినది. ఆఱు నెలలు ఎప్పుడో గడచినవి, కర్మాగారము రాలేదు. ఆ చట్టము చేసిననాడు పదునెనిమిదేండ్లున్న మానుకోట పిల్లవాడు, ఉక్కు కర్మాగారము వచ్చునేమోనని ఐటీఐలో వెల్డింగు నేర్చుకొనియున్నచో, నేడు ఏ దమ్మాము రేవులోనో ఇతరుల ఉక్కును అతుకుచుండును.

జనగామ కథ కొంత వేఱు. అది మెట్టప్రాంతము. చెఱువులెండిన కాలమున సంసారములు హైదరాబాదునకును, భివండీ మరమగ్గములకును, బొంబాయి కట్టుబడులకును తరలిపోయినవి. అందు కొందఱు సముద్రము దాటిరి. దేవాదుల ఎత్తిపోతల మూలమున గోదావరినీరు కొన్ని చెఱువులకు చేరిన పిమ్మట వరిపొలములు పచ్చబడుటను మేము కన్నులారా చూచితిమి. నీరు చేరిన ఊరిలో, గల్ఫునుండి వచ్చినవాడు కౌలుకైనను భూమి పట్టుటకు సాహసించుచున్నాడు. నీరు చేరని ఊరిలో వాడు మఱల పాస్‌పోర్టు దుమ్ము దులుపుచున్నాడు. రియాదులో ఉండుటా మరలుటా యను తర్కమునకు తీర్పు రియాదులో లేదని ఇంతకంటె స్పష్టముగా చెప్పుటెట్లు?

ప్రభుత్వమేమియు చేయలేదని మేము అనము. గల్ఫులో మరణించిన పనివాని కుటుంబమునకు అయిదు లక్షల రూపాయలు ఇచ్చుటకు తెలంగాణ ప్రభుత్వము 2024లో ఉత్తర్వు చేసినది. మంచిపని. కాని ఈ ఉత్తర్వును చదివిన పనివాడు ఏమనుకొనును? శవపేటికలో వచ్చినచో లెక్కలోనికి వత్తును, కాళ్లమీద నడచివచ్చినచో రాను అనుకొనడా? కేరళమును చూడుడు. 1996లోనే ప్రవాసుల కొఱకు ఒక శాఖను పెట్టుకొనిరి. 1998 మొదలు విడతలు విడతలుగా ఇంటింట విచారించి ఎందఱు వెళ్లిరి, ఎందఱు వచ్చిరి, ఏమి పంపిరి, ఏమి పోగొట్టుకొనిరి అని లెక్కలు గట్టి ప్రకటించుచున్నారు. తిరిగివచ్చినవాడు చిన్నవ్యాపారము పెట్టుకొనుటకు సహాయముతో గూడిన అప్పును ఇప్పించుచున్నారు. ఆ రాష్ట్రమున గల్ఫువాని బాధ తీరినదని కాదు. అచ్చట ఆ బాధకు ఒక చిరునామా యున్నది. మనకు సొమ్ము లెక్క మాత్రము బాగుగ తెలియును. 2024లో ప్రవాసులు భారతదేశమునకు పంపినది సుమారు 12,900 కోట్ల డాలర్లు. రిజర్వు బ్యాంకు విచారణ ప్రకారము 2023–24లో వచ్చిన ఇట్టి సొమ్మున తెలంగాణము పాలు నూటికి 8. అందే మఱియొక సంగతియు గలదు: 2016–17లో నూటికి 47గా నుండిన గల్ఫుదేశముల పాలు 2023–24కి 38కి తగ్గి, అమెరికా మొదటిస్థానమున కెక్కినది. ఈ అంకెను చూచి ఇక గల్ఫు మనకు ముఖ్యము కాదనువారున్నారు. వచ్చు సొమ్ములో పాలు తగ్గినది గాని, అచ్చట ఎండలో నిలిచిన మనుష్యుల సంఖ్య తగ్గలేదు. డాలరుకు గౌరవము పెరిగినకొలది రియాలు పంపువాడు మఱింత కనుమఱుగగుట మాకు భయము గొల్పుచున్నది.

మేము ప్రభుత్వములను కోరునది పెద్ద పథకము కాదు. మన రాయబారకార్యాలయములు తిరిగివచ్చిన పనివాని జీతపు బాకీని, వాడు ఇక్కడనున్నను, అచ్చటి కార్మికన్యాయస్థానములలో వాని పేర నడపవలెను. దానికి కావలసిన అధికారపత్రమును విమానమెక్కకముందే వ్రాయించుకొనవలెను. తిరిగివచ్చినవానికి మిత్తివ్యాపారి బాకీ తీర్చుకొనుటకు సహకారబ్యాంకునుండి తక్కువ వడ్డీ అప్పు దొరకవలెను. అప్పు మాఱినగాని వాని నోటికి స్వాతంత్ర్యము రాదు. ముప్పదివేల నిబంధనను మీఱిన ఏజెంటును హైదరాబాదులో కాదు, వాడు మనుష్యులను ఏఱుకొను మండలములోనే పట్టుకొనవలెను. వాడెవడో ఊరిలో చిన్నపిల్లవానికిని తెలియును, పోలీసుఠాణాకు మాత్రము తెలియదందురు.

ప్రభుత్వము కదలువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. తెలంగాణమున గ్రంథాలయములు పుస్తకములు దాచుకొను అలమారులుగా మాత్రమే పుట్టలేదు. అర్జీ వ్రాయించుకొనుటకును, పత్రిక చదివించుకొనుటకును, సర్కారువారి కాగితమున ఏమున్నదో తెలిసికొనుటకును జనులు వచ్చిన చోట్లవి. జనగామ, మానుకోట, భూపాలపల్లి పఠనమందిరములకు ప్రతిదినము వచ్చు చదువరులు ఒక పుస్తకము తెఱవవచ్చును. వెళ్లినవాని పేరు, ఊరు, వెళ్లిన దినము, ఏ వీసా, పాస్‌పోర్టు సంఖ్య, ఏజెంటు ఎవడు, ఎంత పుచ్చుకొనెను, రసీదు ఇచ్చెనా, ఒప్పుకొన్న జీతమెంత, చేతికి వచ్చునదెంత. ఇంటివారు వచ్చి చెప్పుదురు. చెప్పినది సిరాతో వ్రాసి తాళములో పెట్టవలెను, ఎందుకనగా అది ఇతరుల కంటబడవలసిన కాగితము కాదు. ఆఱు నెలలకొకసారి ఆ లెక్కలను, పేర్లు విడిచి, కలెక్టరునకును మాకును పంపుడు. మొదటి మందిరమునుండి వచ్చు లెక్కను, అది పదిమందిదైనను, మేము ఇదే పుటలో అచ్చువేయుదుము.